మోకాలి బరువు పిక్కకు ఎక్కింది

"పరుగెత్తేటప్పుడు నాకు ముందుగా మడమే నేలకు ఆనుతోంది. ముందుపాదం మీద పరుగెత్తడం నేర్చుకోకపోతే మోకాళ్లు పోతాయంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. ఆ మాట నేనూ విన్నాను. విని ఐదు నెలలు పరుగుకు దూరమయ్యాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, తొందరపడి మార్చకండి.

అప్పట్లో నాకు కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగుతుంటే పొడిచినట్టుండేది. ఒక స్నేహితుడు నా పరుగును ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించాడు. కాలు ఒంటికి బాగా ముందు పడుతోంది, మోకాలు దాదాపు వంగడమే లేదు, మడమ నేలకు గట్టిగా కొట్టుకుంటోంది. కారణం దొరికిందనుకున్నాను. మర్నాటి నుంచే ముందుపాదం మీద పరుగు మొదలుపెట్టాను. రెండు వారాలు ఎంత హాయిగా ఉందో! మోకాలి నొప్పి తగ్గిపోయింది. ఆ ఊపులో దూరం కూడా పెంచాను. మూడో వారం ఒక పొద్దున మంచం దిగి అడుగేయబోతే మడమ వెనక నరం బిగుసుకుపోయి కాలు కదల్లేదు. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లాను. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ దెబ్బతింది.

ఫిజియో ఒక్క ముక్కలో తేల్చారు. బరువు ఎక్కడికీ పోలేదు, మోకాలి మీది నుంచి పిక్కకు ఎక్కింది. పరుగులో ప్రతి అడుగుకూ నేల మనల్ని ఒంటి బరువుకు 2-3 రెట్ల బలంతో తిరిగి నెడుతుంది. అకిలిస్ మీద పడే లాగుడు అంతకన్నా చాలా ఎక్కువ. ఊపిరి, కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, టెండన్‌కు నెలలు కావాలి. నేను ఇచ్చింది మూడు వారాలే.

మడమ తప్పు అనేవాళ్లు 2010లో హార్వర్డ్ పరిశోధకుడు లీబర్‌మన్ బృందం నేచర్ అనే సైన్స్ పత్రికలో రాసిన వ్యాసాన్ని చూపిస్తారు. ఉత్త కాళ్లతో, ముందుపాదం మీద పరుగెత్తేవాళ్లకు తొలి తాకిడి తక్కువని అందులో ఉంది. గాయాలు తగ్గాయా అన్నది వాళ్లు కొలవలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు, నాకు కోపం వచ్చేది అక్కడే. నిమిషానికి 180 అడుగులు పడాల్సిందే అనే మాటా అంతే. కోచ్ జాక్ డేనియల్స్ 1984 ఒలింపిక్స్‌లో మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టిన దగ్గర మొదలైంది అది. వాళ్లు పందెం వేగంలో ఉన్నారు, మనం పొద్దున్నే మెల్లగా సాగుతుంటాం.

నాకు పనికొచ్చింది చిన్న మార్పే. వేగం పెంచకుండా, నిమిషానికి 158 అడుగులను 166కి తెచ్చుకున్నాను. అడుగు పొట్టిదై కాలు ఒంటి కిందికి వచ్చింది, మోకాలి మీద బరువు తగ్గింది. మడమ ఇప్పటికీ ముందే ఆనుతుంది.

మీకు నొప్పి లేకపోతే మడమ జోలికి వెళ్లొద్దు. మోకాలే బాధిస్తుంటే ముందు ఈ నెలలో దూరం ఎంత పెంచారో చూసుకోండి, తర్వాత అడుగులు లెక్కపెట్టండి. పిక్క పట్టేస్తోందా, ఆ రోజుకు ఆపేయండి.