సీనియర్ సిటిజన్లకు విడిగా గది వద్దు, పిల్లలు వచ్చిపోయే దారిలోనే చోటివ్వండి

మీ అపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న హాలును సీనియర్ సిటిజన్ల గదిగా మార్చాలా, పిల్లలకూ పనికొచ్చేలా చేయాలా, డిజైన్‌లో ఏం చూసుకోవాలి అని అడిగారు. ఇద్దరికీ పనికొచ్చేలానే చేయండి. హైదరాబాద్‌లో మా కాంప్లెక్స్‌లో అలాంటి గదినే కొందరం కలిసి కొన్నేళ్ళుగా నడుపుతున్నాం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ హాలు ఎక్కడుందో చూడండి. మాకు బిల్డర్ ఇచ్చిన సీనియర్స్ లాంజ్ పై అంతస్తులో, జిమ్ పక్కన ఉండేది. ఏసీ, మెత్తటి సోఫాలు, పెద్ద టీవీ అన్నీ ఉన్నా ఎవరూ వెళ్ళేవారు కాదు. ఆ పెద్దవాళ్ళే సాయంత్రం నాలుగయ్యేసరికి మనవల స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర గోడకు ఆనుకుని నిలబడేవారు. అంటే వాళ్ళు రోజూ కలిసే చోటు అప్పటికే ఉంది, కూర్చునే వీలే లేదు. గేటు పక్కన పాత సామాను పడేసే గదిని ఖాళీ చేయించి, దాని ముందు అరుగు కట్టించాం. ఇప్పుడు పిల్లలు బస్సు దిగి, బ్యాగులు అరుగు మీద పడేసి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగుతారు. సగం మంది అక్కడే ఉండిపోతారు. రమ్మని ఎవరూ పిలవనక్కర్లేదు.

సింగపూర్‌లో కంపుంగ్ అడ్మిరల్టీ అని అక్కడి ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన సముదాయం ఉంది. పెద్దవాళ్ళ కోసం ఫ్లాట్లు, కింద అందరూ నడిచే ప్లాజా, దానిపైన ఫుడ్ సెంటర్, వైద్య కేంద్రం, ఇంకా పైన చిన్నపిల్లల కేర్ సెంటర్, దాని పక్కనే పెద్దవాళ్ళ యాక్టివిటీ సెంటర్. 2018లో ప్రపంచ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో ఆ ఏటి మేటి భవనంగా ఎంపికైంది. మనకు అంత స్థలం, డబ్బు ఉండకపోవచ్చు. కానీ ఇందులోని కిటుకు మనకూ పనికొస్తుంది. అక్కడికి జనం టిఫిన్‌కో, డాక్టర్ దగ్గరికో, పిల్లల్ని దింపడానికో వస్తారు. వచ్చినవాళ్ళు కలుస్తారు.

ఇక గది లోపలి సంగతి. దీని మీద మాత్రం రాజీపడకండి. సోఫాలు కొనకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లోతుగా దిగబడే సోఫాలోంచి లేవలేరు, ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాలి. అలా రెండుసార్లు జరిగితే వాళ్ళు మళ్ళీ రారు. నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తు, గట్టి సీటు, రెండు వైపులా చేతులు ఉన్న కుర్చీలు తీసుకోండి. మా గదిలో ఒక పెద్దావిడ లేచేటప్పుడు గమనించాను. ముందు సీటు అంచుకు జరుగుతారు, పాదాలు వెనక్కి లాక్కుంటారు, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి ఒక్కసారి పైకి లేస్తారు. ఆ కుర్చీ చేతులు లేకపోతే ఇంకొకరి సాయం కావాలి. సాయం అడగడం ఇష్టంలేకే చాలామంది ఇంట్లో ఉండిపోతారు.

నేలకు తళతళలాడే టైల్స్ వద్దు. తడి అయితే జారతాయి, పొడిగా ఉన్నా లైటు పడి కళ్ళు చెదురుతాయి. ర్యాంప్ కట్టిస్తే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. స్కూటర్ల కోసం నిట్టనిలువుగా పోసినది ర్యాంప్ కాదు. టాయిలెట్ ఆ గదికి ఆనుకునే ఉండాలి, గోడకు పట్టుకునే రాడ్ ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును నెట్టలేం. టాయిలెట్ దూరమైతే షుగర్ ఉన్నవాళ్ళు పావుగంట కూడా నిశ్చింతగా కూర్చోలేరు.

వెలుతురు గురించి అసోసియేషన్ మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటిలోకి చేరే వెలుతురు దాదాపు మూడో వంతే. కుర్రాళ్ళకు సరిపోయిన లైటు పెద్దవాళ్ళకు చీకటి. చదువుకునే బల్లలకు విడిగా, భుజం వెనక నుంచి పడేలా లైట్లు పెట్టించండి.

శబ్దం ఇంకా ముఖ్యం. వయసు మీదపడే కొద్దీ ముందు పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. అందుకే పిల్లల సన్నటి గొంతులు సరిగా వినపడవు. దానికి తోడు ఖాళీ గోడల మధ్య ప్రతిధ్వని వస్తుంటే, వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు అంతా గోలే. మనవడు ఏదో చెబుతుంటే తాతగారు ఊరికే తలాడిస్తున్నారంటే ఆసక్తి లేక కాదు, వినపడక. మందపాటి కర్టెన్లు, గోడల పొడవునా పుస్తకాల అరలు పెడితే చాలా తేడా వస్తుంది. వరుస కుర్చీలు తీసేసి నలుగురు ఎదురెదురుగా కూర్చునే చిన్న గుండ్రటి బల్లలు వేయండి. ముఖం కనపడితే మాట అర్థమవుతుంది. హాలుకు ఒక చివర అద్దాల తలుపుతో నిశ్శబ్దంగా ఉండే భాగం విడదీయండి. పిల్లల సందడి ఇష్టమే అయినా రోజంతా భరించలేం కదా. ఆ అద్దాల వల్ల పిల్లలు ఎప్పుడూ నలుగురి కళ్ళ ముందే ఉంటారు, తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదు.

అక్కడ ఏం చేయించాలంటారా? పెద్దవాళ్ళకు వినోద కార్యక్రమాలు పెట్టకండి, పని ఇవ్వండి. మాకు రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు, టైలరింగ్ చేసినావిడ ఉన్నారు, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన ఆయన ఉన్నారు. ఆయన దగ్గర పిల్లలు పాడైన టేబుల్ ఫ్యాన్ విప్పి బిగించడం నేర్చుకున్నారు. పిల్లల వంతు ఫోన్లు. దీనికి మేం ఒకటే నియమం పెట్టాం: పిల్లలు పెద్దవాళ్ళ చేతిలోంచి ఫోన్ లాక్కోకూడదు, నొక్కేది పెద్దవాళ్ళ వేలే. మొదట్లో పిల్లలకు ఓపిక చాలేది కాదు. "ఇలా ఇవ్వండి తాతయ్యా, నేను చేసేస్తా" అనేవారు. చేసేస్తే పని అవుతుంది, చదువు అవదు. డబ్బు మనకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టక్కర్లేదని, పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదని, మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని పెద్దవాళ్ళు ఇక్కడ పిల్లల నోటే విన్నారు. నవంబరు వచ్చిందంటే జీవన్ ప్రమాణ్ హడావుడి. పెన్షన్ తీసుకునేవాళ్ళు బ్యాంకుల చుట్టూ తిరగకుండా ఫోన్‌లోనే ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. పక్కన కూర్చుని దారి చెప్పేది తొమ్మిదో తరగతి అమ్మాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఈ గదిని ఉచిత క్రెష్‌లా వాడుకోవాలన్న ఆలోచన చాలా త్వరగా పుడుతుంది. పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళు కాదనలేక అలసిపోతారు. ఈరోజు నాకు ఓపిక లేదు అని ఎవరైనా నిస్సంకోచంగా చెప్పగలిగేలా, చిన్నపిల్లలతో ఇంటివాళ్ళు ఒకరు ఉండాల్సిందే అని మొదటే రాసిపెట్టండి.

నేర్చుకోవడం అనేది రిటైరైన ఆఫీసర్లకు కాలక్షేపం మాత్రమే కాకూడదని నా గట్టి నమ్మకం. మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ భార్య, వంటావిడ, ఇస్త్రీ బండి ఆయన కూడా ఉంటారు. వాళ్ళకూ ఆ తలుపు తెరిచి ఉండాలి. పదిహేనేళ్ళు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం ఉల్లాస్ కార్యక్రమం నడుపుతోంది, అది వాలంటీర్లు చదువు చెప్పే పద్ధతే. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకు ఓపెన్ స్కూల్ ఉంది. ఆపైన చదవాలంటే, 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) పుట్టింది హైదరాబాద్‌లోనే. ఇదేమీ మనకు కొత్త కాదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టినవాళ్ళూ, 1935లో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పినవాళ్ళూ చదువుకు వయసు అడగలేదు. పుస్తకాన్ని జనం తిరిగే దారిలోకి తెచ్చారు.

చివరిగా తాళం చెవి సంగతి తేల్చుకోండి. సెక్రటరీ ఇంట్లో ఉంచితే, ఆయన ఊరెళ్ళినప్పుడల్లా గది మూతపడుతుంది. ఒకటి గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో, ఇంకొకటి రోజూ పొద్దున్నే పేపర్ చదవడానికి వచ్చే పెద్దాయన దగ్గర పెట్టండి. మీ హాలు ఏ అంతస్తులో ఉంది, ఎన్ని మెట్లు ఎక్కాలి, స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఈ మూడూ రాస్తే ఏ వైపు తలుపు పెట్టించాలో చెప్పగలను.