వర్క్ పర్మిట్ మీద కెనడా వచ్చాం, పీఆర్ ఇంకా రాలేదు. స్టడీ పర్మిట్ లేకుండా పిల్లల్ని స్కూలుకు పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఒంటారియోలో మీకు వర్క్ పర్మిట్ ఉంది, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పీఆర్‌కి అప్లై చేస్తే అప్లికేషన్ అందిందని చెప్పే ఏఓఆర్ కూడా వచ్చింది. పిల్లలిద్దరూ విజిటర్లుగా వచ్చారు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి పదిహేడు దాటాయి. స్కూలు ఆఫీసులో స్టడీ పర్మిట్ ఏదని అడిగారు. లేకుండా పంపితే తప్పా, రేపు పీఆర్‌కి అడ్డొస్తుందా అని మీ భయం.

పాపని నిశ్చింతగా పంపండి. బాబు పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

కెనడా ఇమ్మిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 30(2) అని ఒకటుంది. కెనడాలో ఉన్న మైనర్ పిల్లలెవరైనా ప్రీస్కూల్ నుంచి హైస్కూల్ దాకా చదువుకోవచ్చని అది చెప్తుంది. మినహాయింపు ఒక్కటే: పని చేయడానికో చదువుకోవడానికో అనుమతి లేని టెంపరరీ రెసిడెంట్ల (తాత్కాలికంగా ఉండేవాళ్ల) పిల్లలకి ఇది వర్తించదు. అంటే అమ్మానాన్నలిద్దరూ ఉత్త విజిటర్లైతే ఆ పిల్లలకి స్టడీ పర్మిట్ కావాలి. ఇద్దరిలో ఒక్కరికి వర్క్ పర్మిట్ ఉన్నా చాలు, పిల్లలకి విడిగా ఏమీ అక్కర్లేదు. మీ పిల్లల చదువు నిలబడింది మీ వర్క్ పర్మిట్ మీద.

పీఆర్ ఫైల్‌కి ఇందులో పాత్రే లేదు. ఏఓఆర్ ప్రింటు తీసి స్కూల్లో ఇస్తే పనైపోతుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అది ఉత్త రసీదు. పిల్లలకి స్టేటస్ ఇవ్వదు, చదువుకునే హక్కూ ఇవ్వదు. స్కూలుకి ఇవ్వాల్సింది మీ వర్క్ పర్మిట్ కాపీ, దానితోపాటు మీరే తల్లిదండ్రులని చూపే బర్త్ సర్టిఫికెట్.

స్కూలువాళ్లు ఎక్కడ తడబడతారో కూడా తెలుసుకోండి. పాపకి విజిటర్ రికార్డ్, అంటే విజిటర్‌గా ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, ఉంటే ఒకసారి తీసి చూడండి. షరతులు రాసే చోట ఉద్యోగం చేయరాదు, ఏ విద్యాసంస్థలోనూ చేరరాదు అనే అర్థంలో ఒక వాక్యం చాలా రికార్డుల్లో ఉంటుంది. కొన్నింటికి 'అనుమతి ఉంటే తప్ప' అన్న తోక ఉంటుంది, కొన్నింటికి ఉండదు. సెక్రటరీ చూపు సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఆ అనుమతి ఇచ్చేదే 30(2). కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకుండా సెక్షన్ ప్రింటు, మీ పర్మిట్ కాపీ ఇచ్చి, స్కూల్ బోర్డు అడ్మిషన్స్ ఆఫీసుని కనుక్కోమని అడగండి. బోర్డువాళ్లకి ఇలాంటి ఫైళ్లు కొత్త కాదు. దీనికితోడు ఒంటారియో విద్యా చట్టం సెక్షన్ 49.1 ప్రకారం, పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ స్టేటస్ లేదన్న కారణంతో 18 లోపు పిల్లలకి అడ్మిషన్ కాదనకూడదు. ఫీజు సంగతి వేరే. ఇంటర్నేషనల్ స్టూడెంట్ అని పొరపాటున రాసుకుంటే ఏడాదికి పదివేల డాలర్లు దాటే బిల్లు చేతికొస్తుంది. అలాంటి బిల్లు వస్తే కట్టేయకండి, వర్క్ పర్మిట్ చూపించి కేటగిరీ మార్పించుకోండి.

అసలు చిక్కులు స్కూల్లో రావు, పిల్లల స్టేటస్ దగ్గర వస్తాయి. చదువుకునే హక్కు వేరు, దేశంలో ఉండే గడువు వేరు. విజిటర్‌గా దిగినప్పుడు పాస్‌పోర్టులో ఆఫీసర్ ఏ తేదీ వేయకపోతే గడువు దిగిన రోజు నుంచి ఆరు నెలలు. మీ పర్మిట్ మూడేళ్లకి ఉన్నా పిల్లల గడువు ఆరు నెలలకే ముగుస్తుంది. వీసా స్టిక్కర్ మీదున్న 2030 లాంటి సంవత్సరం చూసి అప్పటిదాకా ఉండొచ్చనుకుంటారు. అది కెనడాలోకి రావడానికి గడువు, ఉండే గడువు కాదు. విమానం దిగినప్పుడే మీ పర్మిట్ తేదీ దాకా పిల్లలకి విజిటర్ రికార్డ్ ఇవ్వమని అడిగితే సరిపోయేది. అడగకపోతే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఐఎంఎం 5708 ఫారం వేయాలి, ఒక్కొక్కరికి 100 డాలర్లు. గడువుకి కనీసం 30 రోజుల ముందు వేయండి. వేసిన రుజువు ఉంటే, నిర్ణయం వచ్చేదాకా పాత స్టేటస్సే కొనసాగుతుంది. దాన్నే మెయింటైన్డ్ స్టేటస్ అంటారు. గడువు దాటిపోతే 90 రోజుల్లోపు రెస్టోరేషన్‌కి, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇవ్వమని, అప్లై చేసుకోవచ్చు. దానికి ఫీజు ఎక్కువ, పైగా ఇస్తారన్న నమ్మకం లేదు.

ఇంకో చిన్న లొసుగు మన పాస్‌పోర్టుల్లోనే ఉంది. ఇండియాలో పదిహేనేళ్లలోపు పిల్లలకి పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ పాస్‌పోర్టు తేదీ దాటి ఏ కాగితమూ ఇవ్వదు. మీ పర్మిట్ 2028 దాకా ఉన్నా, పాప పాస్‌పోర్టు 2026 నవంబరులో అయిపోతే ఆమె రికార్డ్ కూడా నవంబరుకే ఆగుతుంది. ముందు పాస్‌పోర్టు రెన్యూ చేయించి, ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్ వేయండి. రెండుసార్లు ఫీజు కట్టే పని తప్పుతుంది.

మీ పర్మిట్ తేదీ దగ్గరపడితే ఏం చేయాలో కూడా చూడండి. గడువులోపే ఎక్స్‌టెన్షనో, పీఆర్ నిర్ణయం వచ్చేదాకా పని చేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్టో వేస్తే మీ పని హక్కు నిలుస్తుంది, దానితో పిల్లల చదువూ నిలుస్తుంది. ఉద్యోగం పోయిందనో, కొత్త పర్మిట్‌కి అర్హత లేదనో, పీఆర్ వచ్చేదాకా విజిటర్‌గా ఉందామని విజిటర్ రికార్డ్‌కి మారారనుకోండి. మీ భార్యాభర్తలిద్దరిలో ఎవరికీ వర్క్ పర్మిట్, స్టడీ పర్మిట్ లేకపోతే ఆ రోజు నుంచి పిల్లలు 30(2) మినహాయింపులో పడతారు. పీఆర్ ఫైల్ నడుస్తున్నా సరే. ఈ దారి తప్పదనిపిస్తే, మీ పర్మిట్ బతికి ఉండగానే పిల్లలకి స్టడీ పర్మిట్ తీసి పెట్టుకోండి. చట్టం అక్షరాలా చదివితే వింతగా ఉంటుంది. ఆ మినహాయింపు 'టెంపరరీ రెసిడెంట్ల' పిల్లలకే, అసలు స్టేటస్సే లేనివాళ్ల పిల్లలు అందులోకి రారు.

ఇక బాబు సంగతి. 30(2) మైనర్లకి మాత్రమే. ఒంటారియో, అల్బెర్టా, మానిటోబా, సస్కాచువాన్, క్యూబెక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లలో 18 నిండితే మేజర్. బ్రిటిష్ కొలంబియా, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ లాంటి చోట్ల 19. గ్రేడ్ 12 మధ్యలో 18 నిండితే, ఆ రోజు నుంచి స్టడీ పర్మిట్ లేకుండా క్లాసులో కూర్చోకూడదు.

పుట్టినరోజు ముందు రోజు అప్లై చేస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే మోసపోతారు. మెయింటైన్డ్ స్టేటస్ ఉన్న స్టేటస్‌నే పొడిగిస్తుంది. బాబు విజిటర్ కాబట్టి అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ విజిటర్‌గానే ఉంటాడు, చదువుకునే హక్కు రాదు. అదే పుట్టినరోజులోపు స్టడీ పర్మిట్ చేతికొస్తే, తర్వాత ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నా చదువు ఆగదు. అందుకే నాలుగైదు నెలల ముందే వేయాలి. అనుమతి లేకుండా చదివినట్టు తేలితే, మానేసి ఆరు నెలలు గడిచేదాకా స్టడీ పర్మిట్ ఇవ్వకూడదని ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 221వది చెప్తుంది. కాలేజీ సీటు సమయంలో అది చాలా గట్టి దెబ్బ.

ఫారం ఐఎంఎం 5709, ఫీజు 150 డాలర్లు. 14 నిండినవాళ్లకి బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) 85 డాలర్లు, పదేళ్లలోపు ఇచ్చి ఉంటే మళ్లీ అక్కర్లేదు. మామూలు విజిటర్లకి కెనడా లోపలి నుంచి స్టడీ పర్మిట్ వేసే వీలుండదు గానీ, ఇప్పటికే స్కూల్లో చదువుతున్న పిల్లలకి ఉంది. స్కూలు నుంచి ఎన్‌రోల్‌మెంట్ లెటర్, మీ వర్క్ పర్మిట్, ఈమధ్య పే స్లిప్పులు, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు పేజీలు, 30(2) కింద ఇన్నాళ్లూ చదివాడని చెప్పే అరపేజీ లెటర్ జతచేయండి. ఆ లెటర్ చాలామంది పెట్టరు. పెట్టకపోతే పర్మిట్ లేకుండా ఎలా చదివాడన్న ప్రశ్న ఆఫీసర్‌కి మిగిలిపోతుంది. 2024 జనవరి 22 నుంచి వచ్చిన, ప్రావిన్స్ ప్రభుత్వం ఇచ్చే ప్రొవిన్షియల్ అటెస్టేషన్ లెటర్ స్కూలు పిల్లలకి అవసరం లేదు. కాలేజీకి వెళ్లేటప్పుడు మాత్రం కొత్త స్టడీ పర్మిట్ కావాలి.

స్కూల్లో చేర్చేటప్పుడు అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు లాంటి అడ్రస్ రుజువులు ఇవ్వాలి. టీసీ కోసం హైదరాబాద్‌కి ఫోన్లు చేయనక్కర్లేదు, ఇక్కడ అడగరు. బాబుకి మాత్రం టెన్త్ మెమో, ఇంటర్ మార్కులు ఇంగ్లిషులో పట్టుకెళ్లండి. ఇక్కడి హైస్కూల్ డిప్లొమాకి 30 క్రెడిట్లు కావాలి, వాటిలో ఎన్ని ఇవ్వాలో ప్రిన్సిపాల్ ఆ మార్కులు చూసే తేలుస్తారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఐఆర్‌సీసీ కాగితాల్లో పేరు మొత్తం సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. స్కూల్లోనూ అలాగే రాయించండి, లేకపోతే మార్కుల కాగితం ఒక పేరుతో, పర్మిట్ ఇంకో పేరుతో తయారవుతాయి.

టీకాల దగ్గర మన పిల్లలు తరచూ దొరికిపోతారు. మన ప్రభుత్వ టీకాల్లో ఉండేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. గవదబిళ్లలకి అందులో ఏమీ లేదు, ఆటలమ్మకీ లేదు, మెదడు పొరల వాపు తెచ్చే మెనింజోకోకల్‌కీ లేదు. ఒంటారియో మూడూ అడుగుతుంది, ఆటలమ్మ టీకా 2010 లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకి. టీకా కార్డు స్కూల్లో ఇచ్చి ఊరుకోకండి, మీ పబ్లిక్ హెల్త్ యూనిట్‌కి మీరే నమోదు చేయాలి. పట్టించుకోకపోతే 20 స్కూలు రోజుల దాకా సస్పెండ్ చేయొచ్చు.

వేసవిలో పెళ్లికో పండక్కో పిల్లల్ని ఇండియా పంపేముందు వీసా స్టిక్కర్ తేదీ చూసుకోండి. విజిటర్ రికార్డ్ ఉన్నా, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నా, అది తిరిగి రావడానికి పనికిరాదు. స్టిక్కర్ గడువు అయిపోయి ఉంటే కొత్త వీసా వచ్చేదాకా అక్కడే ఆగాలి, సెప్టెంబరులో మొదటి వారాల క్లాసులు అలాగే పోతాయి.