లీడ్స్‌లో మొదటి ఇల్లు: సెమీనా, డిటాచ్డా?

అన్నా, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మొదటి ఇల్లు కొనడానికి స్టేషన్ దగ్గర సెమీ డిటాచ్డా (పక్కింటితో ఒక గోడ కలిసి ఉండే ఇల్లు), ఊరి చివర డిటాచ్డా (విడిగా ఉండే ఇల్లు) అని అడిగారు కదా. నా ఓటు సెమీకే, రెండిళ్ల మధ్య గోడ బాగుంటే. పక్కింట్లో అందరూ ఉండే సాయంత్రం వేళ మళ్లీ వెళ్లి, బెడ్‌రూమ్‌లో ఆ గోడ పక్కన రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. టీవీలో మాటలు అర్థమయ్యేంతగా వినపడితే వదిలేయండి. గోడకి అటూ ఇటూ మెట్లే ఉంటే చాలా నయం. పక్కవాళ్లతో తగాదాలేమైనా ఉంటే అమ్మేవాళ్లు టీఏ6 ఫారంలో (ఇంటి వివరాల ఫారం) రాయాలి, సాలిసిటర్ (కొనుగోలు పనులు చూసే లాయర్) దగ్గర తీసుకుని చదవండి.

ఇంకో ముఖ్యమైన మాట. 3 లక్షల పౌండ్ల లోపు కాబట్టి స్టాంప్ డ్యూటీ ఉండదనుకుంటున్నారు. మీ ఇద్దరిలో ఎవరి పేరున హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నా, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకిచ్చే ఆ రాయితీ రాదు. ముందు అది తేల్చుకోండి.