ఘనా రాజధాని అక్రాకు కొత్తగా వెళ్తున్నారా?

ఉద్యోగం మీద కొందరు, పిల్లల దగ్గరకు కొందరు ఘనా వెళ్తూ పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

*ప్ర: అక్రా టికెట్ ఈ నెల 18కి ఉంది. ఎల్లో ఫీవర్ టీకా 12న వేయించుకుంటే సరిపోతుందా? – హైదరాబాద్ పాఠకుడు*

సరిపోదు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు, వేసిన పది రోజులకు గానీ చెల్లదు. 12న వేయించుకుంటే 22 నుంచి లెక్క. టికెట్ జరుపుకోవడమే మంచిది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి. కార్డు చేతికి రాగానే పేరు, పాస్‌పోర్ట్ నంబరు, స్టాంపు అక్కడే సరిచూసుకోండి. 2016 జూలై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతోంది. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందుగా డాక్టర్ని అడగాలి.

కార్డు అక్కడ దిగేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడూ కావాలి. ఘనా వదిలిన ఆరు రోజుల్లోపు కార్డు లేకుండా మన విమానాశ్రయంలో దిగితే క్వారంటైన్‌కు పంపుతారు. ఈ జబ్బు మన దేశంలో లేదు గానీ దాన్ని మోసే ఈడిస్ దోమ ఊరూరా ఉంది, అందుకే అంత పట్టుదల.

మలేరియాకు ఈ టీకాతో సంబంధం లేదు. దానికి మాత్రలు వేరు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజుల దాకా వేసుకోవాలి. ఇల్లు చేరాక మానేసేవాళ్లే ఎక్కువ, మలేరియాకు దొరికిపోయేదీ వాళ్లే. వచ్చిన మూడు నెలల్లో జ్వరం వస్తే ఘనా వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

*ప్ర: అక్కడి ట్రోట్రో మన షేర్ ఆటో లాంటిదేనా? కొత్తవాళ్లు ఎక్కొచ్చా? – విజయవాడ పాఠకుడు*

పద్ధతి అదే, బండి పెద్దది. పాత మినీ వ్యాను, పదిహేను ఇరవై మంది పడతారు. కండక్టరును ‘మేట్’ అంటారు. కిటికీలోంచి తల బయటపెట్టి ‘సర్క్ సర్క్ సర్క్’ అని అరిచాడంటే బండి క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కు. ‘క్రా క్రా క్రా’ అంటే అక్రా సెంటర్‌కు. గోలలో వినబడకపోతే చెయ్యి చూడండి, సర్కిల్‌కైతే వేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పుతాడు. స్టేషన్‌లో బండి టైముకు కాదు, నిండితేనే కదులుతుంది. తొందరుంటే సగం ఖాళీగా ఉన్నదాన్ని వదిలి, ఒకట్రెండు సీట్లే మిగిలినది ఎక్కండి.

నడవలో మడత సీటు దొరికితే ప్రతి స్టాపులోనూ లేచి దారివ్వాలి. డబ్బులు దారిలో వసూలు చేస్తాడు, వెనకవాళ్లవి ముందుకు చేతులు మారుతూ వస్తాయి. పెద్ద నోటిస్తే ఇద్దరికీ కలిపి ఒకే నోటు చిల్లరగా ఇచ్చి ‘మీరు పంచుకోండి’ అంటాడు. పక్కాయన ఎక్కడ దిగుతాడో అప్పుడే అడిగి పెట్టుకోండి. దిగాల్సిన చోటుకు కొంచెం ముందే ‘మేట్, బస్‌స్టాప్’ అని గట్టిగా అనాలి.

డబ్బులు కుడి చేత్తోనే ఇవ్వండి. ఎడమ చేత్తో ఇస్తే, చూపిస్తే, పిలిస్తే కూడా అవమానంగా తీసుకుంటారు. మనకూ ఈ పట్టింపు ఉంది గానీ బస్సులో ఇరుక్కున్నప్పుడు అంతగా పట్టించుకోం. అక్కడ పట్టించుకుంటారు. కుడి చెయ్యి సంచి కింద ఉండిపోతే ‘సారీ ఫర్ లెఫ్ట్’ అనేసి ఇవ్వడం వాళ్ల అలవాటే, మీరూ అనండి.

ఇంకొకటి, 1974 ఆగస్టు నుంచి అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తున్నాయి. మన అలవాటు కొద్దీ కుడికి చూసి అడుగేస్తే, బండి ఎడమ నుంచి మీద కొస్తుంది.

*ప్ర: మేం గుడ్డు కూడా తినం. అక్రా పక్కన టెమాలో మావారి ఉద్యోగం. బయట ఏం తినాలి? – కాకినాడ పాఠకురాలు*

బయట జాగ్రత్త, ఇంట్లో ఇబ్బంది లేదు. ‘నో మీట్’ అంటే చేప వేసి ఇస్తారు, వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. చేప, రొయ్య, మాంసం అని విడివిడిగా వద్దనాలి. షిటో అనే నల్లటి కారం చూడటానికి మన మాగాయ ముద్దలా నోరూరిస్తుంది, అందులో ఎండు చేప, ఎండు రొయ్యల పొడి ఉంటాయి. రెడ్ రెడ్ అంటే పామాయిల్‌లో వండిన బొబ్బర్లు, పక్కన వేయించిన అరటి. శాకాహారంలాగే ఉంటుంది గానీ కొందరు ఎండు చేప కలుపుతారు, అడగాల్సిందే.

పొద్దున్నే దొరికే ‘వాచే’ మీకు కొంత ఆసరా. బొబ్బర్లను ఎండు జొన్నాకులతో ఉడకబెడతారు. నీళ్లు ముదురు ఎరుపెక్కాక బియ్యం వేస్తారు, అన్నానికి ఆ రంగు అలా వస్తుంది. ప్లేటు లెక్కన అమ్మరు. ఇన్ని సీడీలకు (సీడీ అంటే అక్కడి రూపాయి) వాచే, ఇన్నిటికి గారీ, ఇన్నిటికి అరటి అని విడిగా చెప్పాలి. గారీ అంటే పులియబెట్టి వేయించిన కర్రపెండలం రవ్వ. పైన పోసే కూర మాత్రం వద్దనండి, అందులో చేపో, ‘వెలె’ అనే పశువు తోలు ముక్కలో ఉంటాయి. చెప్పేలోపే గరిటె తిరిగిపోతుంది, కాబట్టి ‘నో స్టూ’ అన్నది మొదటి మాట కావాలి.

వంటకు టమాటా, బెండ, తెల్ల వంకాయ, వేరుశనగ అన్నీ సంతలో దొరుకుతాయి. కొంటోమిరె అనే ఆకు మన చామాకు వరసే. మెత్తగా ఉడకకపోతే గొంతు దురద. చింతపండేసి పప్పులో వండి చూడండి, బెంగ సగం తీరుతుంది. ఆ చింతపండు, కందిపప్పు మాత్రం మొదటి నెలకు ఇక్కడినుంచే తీసుకెళ్లండి. బియ్యం, బొబ్బర్లు ‘ఒలొంకా’ డబ్బాతో కొలుస్తారు, మన మానికలాగా. డబ్బా అడుగు లోపలికి నొక్కి ఉందేమో చూసుకోండి. బేరానికి ముందు ‘గుడ్ మార్నింగ్’ తప్పనిసరి, అది లేకుండా ధర అడిగితే ముఖం ముడుచుకుంటారు. కొన్నాక కొసరు అడగొచ్చు, వేస్తారు కూడా.

పెద్దావిడ ఎవరైనా పది వేలంటే కంగారు పడకండి. 2007లో పాత పది వేల సీడీలను ఒక్క కొత్త సీడీ చేశారు. కొందరి నోట పాత లెక్కే నడుస్తోంది.

*ప్ర: ఫోన్‌పే లాంటిది ఉందా? – కరీంనగర్ పాఠకుడు*

మొమో (మొబైల్ మనీ) ఉంది. ఇది బ్యాంకు ఖాతా కాదు, సిమ్ మీదే పర్సు. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఎంటీఎన్ సిమ్‌లో \*170# కొడితే చాలు. గొడుగు కిందో డబ్బా కొట్లోనో కూర్చున్న ఏజెంటు దగ్గర నగదు వేసి, తీసుకుంటారు. తీసేటప్పుడు మెనూలో ‘అలౌ క్యాష్ అవుట్’ మీరే నొక్కాలి, లేకపోతే ఏజెంటు లావాదేవీ ఆగిపోతుంది. పంపేటప్పుడు పిన్‌కు ముందు అవతలి పేరు తెరమీద పడుతుంది, అది చదవండి. ‘పొరపాటున మీకు డబ్బులొచ్చాయి, తిరిగి పంపండి’ అని ఫోనొస్తే మెసేజ్ నమ్మకుండా బ్యాలెన్స్ చూడండి. చాలాసార్లు వచ్చింది మెసేజే, డబ్బు కాదు.

*ప్ర: అక్కడ మెకానిక్ ‘ఐ యామ్ కమింగ్’ అని వెళ్లిపోయి గంటకు గానీ రాలేదట. మోసమా? – గుంటూరు పాఠకురాలు*

కాదమ్మా. మనం గడప దాటుతూ ‘వస్తాను’ అంటామే, అదే మాట. వెళ్తున్నాను, మళ్లీ వస్తాను అని. ఎప్పుడొస్తాడో తెలియాలంటే ‘ఎన్ని గంటలకు?’ అని విడిగా అడగాలి.

*ప్ర: మిక్సీ తీసుకెళ్లొచ్చా? – నెల్లూరు పాఠకురాలు*

నిక్షేపంగా. వోల్టేజీ మనదే, 230. సాకెట్‌కు మాత్రం ఎక్కువ చోట్ల బ్రిటిష్ తరహా మూడు చదును పిన్నులు కావాలి, మన గుండ్రటివి వాటిలో పట్టవు. సెల్‌ఫోన్ అడాప్టరు మిక్సీ లోడుకు కాలిపోతుంది, 13 ఆంపియర్లది కొనండి. కరెంటు పోయి వస్తుంటే (దాన్ని ‘దుమ్‌సో’ అంటారు) మిక్సీ స్విచ్ ఆపేసి ఉంచండి.