కౌలు చేనులో దొరికిన రోమన్ వెండి నాణేలు ఎవరివి?

ప్రశ్న: నేను లండన్‌లో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లుగా ప్రాచీన రోమన్ వెండి నాణేలు సేకరిస్తున్నాను. పల్నాడు జిల్లాలో మా మేనమామ కౌలుకు చేస్తున్న మిరప చేనులో పైపు కోసం కాలువ తీస్తుండగా, మూడు వారాల కిందట ఒక ముంతలో 23 వెండి నాణేలు బయటపడ్డాయి. ఫొటోలు చూస్తే అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాటి రోమన్ వెండి నాణేలైన డెనారియస్‌లలా ఉన్నాయి. రెండింటిని చింతపండుతో తోమారట. వాటిని మామయ్య దగ్గర కొని నాతో తీసుకెళ్లవచ్చా? నా దగ్గరున్న నాణేలను ఇంటికి తెచ్చి చూపించవచ్చా?

జవాబు: మీ మామయ్యగారి దగ్గర ఆ నాణేలు కొనవద్దు, ఆయనను మరెవరికీ అమ్మనివ్వవద్దు. దొరికినవాడిదే సొత్తు అన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది గానీ, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం అలా చెప్పదు. భూమిలో దాగి ఉండి బయటపడిన, విలువ గల ఏ వస్తువైనా ఆ చట్టం దృష్టిలో నిధే. దాని విలువ పది రూపాయలు మించితే, దొరికినవారు వీలైనంత త్వరగా జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, దాన్ని సమీప ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా కలెక్టర్ కోరినప్పుడు హాజరుపరుస్తామని హామీ ఇవ్వాలి. ఇన్ని రోజుల్లోగా అని చట్టం గడువు పెట్టలేదు కనుక, మూడు వారాలు గడిచినా దారి మూసుకుపోలేదు. ఆలస్యానికి ఉన్న కారణాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి ఈ వారంలోనే దరఖాస్తు ఇప్పించండి. దాచిపెట్టినట్టు తేలితే ఆయన వాటా ప్రభుత్వానికి పోవడమే కాక, ఏడాది దాకా జైలు శిక్ష గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు.

తెలియజేసిన తరువాత కలెక్టర్ ప్రకటన జారీచేసి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా ఆరు నెలలకు మించకుండా ఒక తేదీన హక్కుదారులను పిలుస్తారు. గత వందేళ్లలో దాచినది కాదని తేలితే దాన్ని యజమాని లేని నిధిగా ప్రకటిస్తారు; రెండు వేల ఏళ్ల నాటి నాణేల విషయంలో ఇది తేలికే. అప్పుడు భూయజమాని హక్కు కోరితే, ఆయనకూ దొరికినవారికీ మధ్య వేరే ఒప్పందం లేని పక్షంలో, ముప్పాతిక వంతు దొరికినవారికి, పావు వంతు భూయజమానికి చెందుతుంది. కౌలు కాగితంలో నిధి గురించి ఏమైనా రాసి ఉందేమో చూడండి. కౌలు నోటిమాట మీదే అయినా, భూయజమానికి తెలియకుండా ఏదీ చేయవద్దు.

ప్రభుత్వం ఆ నాణేలను తానే తీసుకోదలిస్తే లోహం విలువకు అందులో ఐదో వంతు కలిపి చెల్లిస్తే చాలునని చట్టం అంటోంది. ఒక్కో డెనారియస్‌లో నాలుగు గ్రాముల లోపే వెండి ఉంటుంది గనుక, ఆ లెక్కన వచ్చేది ఏమంత సొమ్ము కాదు. నా మటుకు నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. రైతులు భయపడి దొరికినవాటిని కంసాలి మూసలో వేయడానికి ఈ నియమమూ ఒక కారణమని నమ్ముతాను. అయితే ప్రభుత్వం తీసుకోకుండా వదిలిన నాణేలు కలెక్టర్ ఉత్తర్వుతో మీ మామయ్యగారి చేతికి వస్తే, అవి నిస్సందేహంగా ఆయన సొత్తు. నాణేలు సక్రమంగా చేతికి వచ్చాయనడానికి రుజువుగా ఆ ఉత్తర్వు విలువ సేకరణకర్తగా మీకు చెప్పనక్కరలేదు.

అప్పుడు కూడా వాటిని లండన్ తీసుకెళ్లలేరు. వందేళ్లు దాటిన ఏ నాణెమైనా 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువే. అది రోమ్‌లో ముద్రించినదా, దాన్ని చూసి ఇక్కడ చేసిన నకలా అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ పురావస్తువును దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి.

మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. లండన్‌లో రసీదుతో కొన్న నాణెమైనా ఇక్కడికి వచ్చాక పురావస్తువే అవుతుంది కనుక, సెలవు ముగిశాక తిరిగి తీసుకెళ్లేటప్పుడు అదే నిషేధం అడ్డువస్తుంది. కాబట్టి వాటిని అక్కడే ఉంచి, ఇంట్లోవారికి ఫొటోలు చూపించండి.

నాణేలను ఇక తోమనివ్వవద్దు, విడివిడిగా పంచనివ్వవద్దు. క్రీ.శ. 64లో రోమన్ చక్రవర్తి నీరో నాణెంలో వెండి పాలు తగ్గించకముందు ముద్రించిన డెనారియస్‌లే మన దేశంలో ఎక్కువగా దొరికాయి; వినుకొండలోనైతే రోమన్ బంగారు నాణేలే బయటపడ్డాయి. ఏ నాణెం దేనితో కలిసి ఉందో తెలిస్తేనే ఆ ముంతను ఎప్పుడు పాతిపెట్టారో పండితులు చెప్పగలరు. మన పాత కావ్యాల్లోని దీనారం అన్న మాట ఈ డెనారియస్ నుంచే పుట్టిందంటే, ఇవి మనకు ఎంత దగ్గరివో ఆలోచించండి. దరఖాస్తులో దొరికిన తేదీ, సర్వే నంబరు, ఎంత లోతులో దొరికినదీ, నాణేల సంఖ్య, బరువు, సుమారు విలువ, తోమిన రెండింటి సంగతి రాయించి, అందిన రసీదు తీసుకోమనండి. ముంత పగిలి ఉంటే ఆ పెంకులను కూడా నాణేలతోపాటే అప్పగించమనండి.