చల్లని గది తెరిస్తే సరిపోతుందా?

మీ కాలనీ హాలులో రెండు ఏసీలు పెట్టి, ఎండలు ముదిరిన రోజుల్లో పగలు పదకొండు నుంచి ఐదు దాకా అందరికీ తెరిచి ఉంచుతామంటున్నారు. అది సరిపోతుందా అని అడిగారు. మా వీధిలో ఇలాంటి గదిని నడిపేవారిలో నేనూ ఒకణ్ణి. ముందుగా ఆ వేళలు మార్చండి.

కాంక్రీటు కప్పు పగలంతా వేడిని పీల్చుకుని, పొద్దు వాలాక ఇంట్లోకి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవారికి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఊపిరాడదు. ఐదింటికి తాళం వేస్తే వాళ్లను సరిగ్గా ఆ వేళకే ఇంటికి తరిమినట్టు. మా గదికి కూడా రాత్రి పది దాకా తెరిచి ఉంచడం మొదలుపెట్టాకే కుటుంబాలు రాసాగాయి. మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఫోను ఛార్జింగు, కాసేపు నడుం వాల్చే చోటు ఉండాలి. బోర్డు మీద ‘వడదెబ్బ’ అన్న మాట రాయకండి. తాను జబ్బుమనిషినని ఒప్పుకుని లోపలికి వచ్చేవారు అరుదు. మా బోర్డు మీద ‘చదువుకునే గది’ అనే ఉంటుంది, చదివేవాళ్లు పెద్దగా లేకపోయినా!

ఎంత చేసినా కొందరు రారు. ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా వాళ్లకే. 2021 జూన్ చివర్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడికి 619 మంది చనిపోయారు. వారిలో 98 శాతం మంది వేడికి గురైంది నాలుగు గోడల మధ్యే అని అధికారుల విచారణలో తేలింది. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవారు. మంచం దిగలేని మనిషికి వీధి చివర ఏసీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అందుకే ఒంటరి వృద్ధులు, మంచాన పడ్డవారు, ఒంట్లో నీరు తగ్గించే మందులో మానసిక వ్యాధుల మందులో వాడేవారి జాబితా, వాళ్ల అనుమతితోనే, వేసవికి ముందే రాసుకోండి. పొద్దున ఫోను చేయండి, సాయంత్రం మనిషిని పంపండి. ‘బాగానే ఉన్నాను బాబూ’ అని ఫోనులో వినిపించే మాటను నేను నమ్మను. వయసు మీదపడితే దాహమే సరిగా తెలియదు. గుమ్మంలో నిలబడితే ఆ గది ఎంత కాగుతోందో మనకే తెలిసిపోతుంది. మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా ఒళ్లంతా తడిపి విసరాలి.

ఫ్యాన్లు పంచుతామని దాతలు తప్పకుండా వస్తారు. కాదనకండి గానీ, గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోందని, అది వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుందని ఇచ్చేటప్పుడే చెప్పండి. పై అంతస్తు కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయిస్తామంటే ఇంకా మంచిది.

ఏ రోజు తెరవాలన్నది క్యాలెండరు చూసి నిర్ణయించకండి. 2010 వడగాడ్పుల తర్వాత అహ్మదాబాద్ నగరం 2013లో తెచ్చిన ప్రణాళికకు ముందస్తు హెచ్చరికలే ఆధారం. మీరూ వాతావరణ శాఖ హెచ్చరికతోపాటే తాళం తీయండి.

హాలుకు జనరేటర్ లేకపోతే రెండో ఏసీ డబ్బు దాని మీద పెట్టండి. కరెంటు పోయేది కూడా ఆ రోజుల్లోనే.