డెలివరీ పనిలో మాటలు పడుతున్న కొడుకును మాన్పించాలా?

ప్రశ్న: మాది కనగల్ మండలంలో ఒక పల్లె. మా బాబు బీకాంలో రెండు పేపర్లు ఉండగానే నల్లగొండలో పార్సిల్ డెలివరీకి చేరి ఎనిమిది నెలలైంది. రోజూ ఎవరో ఒకరు మాట అంటున్నారు. మొన్న ఒకాయన దొంగవంటూ గల్లా పట్టుకున్నాడట. రాత్రి వచ్చి అన్నం తినకుండానే పడుకుంటున్నాడు. ఈ పని మాన్పించాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, గల్లా పట్టుకోవడం అంటే పనిలో మామూలే అని ఊరుకునే సంగతి కాదు. అలాంటప్పుడు ఎదురు చెయ్యి ఎత్తకుండా పక్కకు జరిగి, అక్కడి నుంచే హబ్ (పార్సిళ్లు పంచిపెట్టే కేంద్రం) ఇన్‌చార్జికి ఫోన్ చేయాలి. భయమనిపిస్తే 112కు చేయాలి.

మిగతా గొడవలు వేరు. నా దగ్గరికి వచ్చే డెలివరీ పిల్లలు చెప్పేది వింటే, తగువు ఎక్కువగా ఓటీపీ దగ్గర, డబ్బు దగ్గర పుడుతుంది.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు ఏళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు. మోసపోతే 1930కి ఫోన్ చేయమంటున్నారు. మరి గడప ముందు కొత్త మనిషి నిలబడి ఓటీపీ అడిగితే ఆ ఇంటి పెద్దాయన అనుమానపడటంలో తప్పేముంది? మీ బాబు దాన్ని అవమానంగా తీసుకోవద్దు. ముందు పార్సిల్ మీది పేరు చూపించాలి. ‘మెసేజ్ ఏ కంపెనీ నుంచి వచ్చిందో మీరే చూడండి, బ్యాంకుదైతే నాకు చెప్పకండి’ అనాలి. వాళ్ల ఫోన్ మాత్రం తన చేతిలోకి తీసుకోకూడదు. అవ్వకు చదువు రాకపోతే పక్కింటివాళ్లను పిలిపించాలి. ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్‌లో ఉండే కొడుకు ఊళ్లో అమ్మకు ఏదో ఆర్డర్ పెడతాడు, ఓటీపీ పోయేది అతని ఫోన్‌కు. అతను డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తకపోతే గుమ్మం ముందు అరగంట నిలబడాల్సిందే. పొద్దున హబ్‌లో బండికి సరుకు కట్టుకునేటప్పుడే ఆ నంబర్‌కు ఒక ఫోన్ కొడితే ఈ బాధ ఉండదు.

డబ్బు సంగతీ అంతే. ‘ఇప్పి చూసినంకనే పైసలిస్త’ అంటారు. ఓపెన్ బాక్స్ డెలివరీ, అంటే ఎదుటే విప్పి చూపించి ఇచ్చేది అని ఉంటే తప్ప, డబ్బు చేతికి రాకముందు విప్పనివ్వడానికి లేదు. విప్పాక వద్దంటే ఆ లెక్క పిల్లాడి మెడకే చుట్టుకుంటుంది. ఈ మాట తలుపు దగ్గర చెబితే కొట్లాట. ‘అన్నా, ఇంత కట్టాలె, ఫోన్‌పే అయినా సరే, కట్టినంకనే విప్పాలె’ అని ముందే ఫోన్‌లో చెబితే చాలామంది వింటారు. పత్తి ఏరే రోజుల్లో పదకొండింటికి పల్లెకు పోతే అన్ని ఇళ్లకూ తాళాలే. ఆ ఊళ్లను పొద్దున్నే గానీ, జనం చేన్ల నుంచి తిరిగొచ్చాక గానీ పెట్టుకోవాలి.

ఒక మాట మీ బాబును మెల్లగా అడగండి. పార్సిళ్లు ఎక్కువైన రోజున, ఇంటికి పోకుండానే ‘కస్టమర్ లేరు’ అని యాప్‌లో కొడుతున్నాడా? పొద్దంతా ఇంట్లోనే ఉన్న మనిషికి ఆ మెసేజ్ వస్తే ఒళ్లు మండుతుంది, దొంగవనే మాట అక్కడి నుంచే రావచ్చు. పైవాళ్లు ఒత్తిడి పెట్టినా ఆ పని చేయకూడదు. ‘ఇవాళ రాలేను, రేపు తెస్తా’ అని నిజం చెబితే తిట్టేవాళ్లు తక్కువ.

చదువు విషయంలో నేను మొహమాటపడను. ఆ రెండు పేపర్లు ఈసారి రాసి తీరాలి. పరీక్ష నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టించండి, ఆ రోజులకు సెలవు ముందే అడగమనండి. డిగ్రీ చేతిలో ఉంటే హబ్‌లో ఇన్‌చార్జి పోస్టు అడగడానికి నోరు వస్తుంది. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ పడితే దానికీ పెట్టమనండి. రాతపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులతోనే ఎంపిక. ఇంటింటికీ తిరగడం వీడికి ఇప్పటికే అలవాటు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. రోజంతా బండి మీద ఉండేవాడికి అది లేకుండా ఒక్కరోజు కూడా గడవనివ్వకండి.

ఇప్పటికైతే మాన్పించొద్దు. కానీ గల్లా పట్టుకున్న సంగతి ఇన్‌చార్జికి చెప్పాడో లేదో ఈ రాత్రే కనుక్కోండి. చెప్పినా ఆయన పట్టించుకోలేదంటే ఆ హబ్‌ను వదిలేయమనండి. కనగల్ దాకా దారులన్నీ తెలిసిన పిల్లాణ్ని తీసుకునే హబ్ నల్లగొండలో ఇంకోటి ఉంటుంది.